జ్యూరీ తీర్పు సాక్ష్యాన్ని బట్టా, కూర్చున్న మనుషుల్ని బట్టా?

ప్రశ్నార్థకం:
ఒకే కేసు, అవే సాక్ష్యాలు, అదే జడ్జి. జ్యూరీ, అంటే దోషా కాదా తేల్చడానికి కూర్చోబెట్టే మామూలు పౌరులు, మాత్రం వేరు. తీర్పు మారుతుందా?

మారుతుందనే నా అనుమానం. పన్నెండు మందిలో ఎవరి పెంపకం వాళ్ళది, ఎవరి భయాలు, కోపాలు వాళ్ళవి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచినట్టు వాటిని కోర్టు బయట విడిచి రమ్మంటే కుదిరే పనేనా? నా ఫ్రెండ్ మాత్రం ఒప్పుకోడు. "చాలా కేసుల్లో సాక్ష్యం స్పష్టంగానే ఉంటుంది, ఎవరు కూర్చున్నా అదే తీర్పు వస్తుంది, మిగతాదంతా సినిమాల ప్రభావం" అంటాడు.

తెలిసినవాళ్ళు చెప్పండి. పరిశోధనలు ఏమైనా ఉంటే మరీ మంచిది. "నాకలా అనిపిస్తుంది" రకం జవాబులు మా ఇద్దరి దగ్గరే బోలెడున్నాయి.

నల్లకోటు:
మన దగ్గర జ్యూరీ ఉన్న రోజుల్లోని కేసు ఒకటి చెప్తాను. 1959, బొంబాయి. నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి చేతిలోని రివాల్వర్ పేలి, అతని భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ ఆహుజా చనిపోయాడు. నానావతి తనే వెళ్ళి లొంగిపోయాడు. పెనుగులాటలో పేలిందని డిఫెన్స్, కావాలనే కాల్చాడని ప్రాసిక్యూషన్. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, విషయం భార్య నోట విన్నాక అతను భార్యాపిల్లల్ని సినిమాహాలు దగ్గర దింపాడు. ఓడకి వెళ్ళి, వేరే కారణం చెప్పి రివాల్వర్ తీసుకున్నాడు. ఆ తర్వాతే ఆహుజా ఇంటికి వెళ్ళాడు. అంత తీరిగ్గా జరిగిన పనిని ఆవేశం అనడం కష్టం.

అయినా తొమ్మిది మంది జ్యూరీలో 8 మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పు సబబు కాదని కేసుని హైకోర్టుకి పంపారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1964లో గవర్నర్ క్షమాభిక్షతో అతను బయటికొచ్చాడు, అది వేరే కథ.

సాక్ష్యం చూస్తే ఒకటి, మనిషిని చూస్తే ఇంకొకటి. తెల్లటి యూనిఫాం, మెడల్స్, భర్త తరఫున సాక్ష్యం చెప్పిన భార్య, బయట బ్లిట్జ్ వారపత్రిక నడిపిన ప్రచారం. ఆ ఎనిమిది మంది మనసులో ఏముందో ఎవరం చెప్పలేం గానీ, అవన్నీ పక్కన పెట్టి ఆలోచించారంటే నేను నమ్మను.

ఇంకో మాట. ఆ కేసు వల్లే జ్యూరీ రద్దయిందని అందరూ అంటారు, అంత సూటిగా ఏం జరగలేదు. లా కమిషన్ 14వ నివేదిక 1958లోనే జ్యూరీని తీసేయమంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటు లేకుండా పోయింది. పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం జడ్జితో పాటు కూర్చునే డెలిగేట్ల రూపంలో ఆ పద్ధతి ఇంకా మిగిలింది.

మొండిఘటం:
ఇంకేం, తేలిపోయిందిగా! చట్టం తెలియని తొమ్మిది మందిని కూర్చోబెట్టి ఒకడి తలరాత రాయమంటే ఇలాగే ఉంటుంది. జడ్జి అయితే చట్టం చదివాడు, వందల కేసులు చూశాడు, కారణాలు రాసి సంతకం పెడతాడు. జ్యూరీ కారణం కూడా చెప్పక్కర్లేదు. చర్చ ముగిసింది, అందరూ ఇళ్ళకి వెళ్ళండి 🙂

మనోగతం:
ముగియలేదండీ, కూర్చోండి 🙂 నేను సైకాలజీ పాఠాలు చెప్తాను, ఇది నాకు ఇష్టమైన టాపిక్. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

ప్రశ్నార్థకం గారి ప్రశ్నని దాదాపు అదే రూపంలో పరీక్షించినవాళ్ళు ఉన్నారు. షికాగో యూనివర్సిటీకి చెందిన హ్యారీ కాల్వెన్, హాన్స్ జైసెల్ 3,576 కేసుల్లో జడ్జిలని "జ్యూరీ లేకపోతే మీరేం తీర్పు ఇచ్చేవారు?" అని అడిగి, ఆ జవాబుల్ని జ్యూరీల అసలు తీర్పులతో పోల్చారు. 1966లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 78 శాతం కేసుల్లో జడ్జి, జ్యూరీ ఒకే మాట. తేడా వచ్చినచోట ఎక్కువగా జ్యూరీనే మెత్తగా ఉంది.

అంటే ఆ మూడొంతుల పైచిలుకు కేసుల్లో మీ ఫ్రెండ్ నెగ్గాడు. మిగిలినవాటిలో అసలు విషయం ఉంది. జడ్జికీ జ్యూరీకీ తేడా ఎక్కువగా వచ్చింది సాక్ష్యం అటూఇటూ సరిసమానంగా ఉన్న కేసుల్లో. సాక్ష్యం ఒకవైపు గట్టిగా లాగుతుంటే మనిషి ఇష్టాయిష్టాలకి చోటు దొరకదు. ఏదీ తేలనప్పుడు వాటికి స్వేచ్ఛ వస్తుంది. అప్పుడు కూడా ఆ జ్యూరర్ "నా ఇష్టం కొద్దీ తేల్చాను" అనుకోడు, "సాక్ష్యం నాకు అలా కనిపించింది" అనే అనుకుంటాడు. నిజాయితీగానే.

ఇక స్వభావం సంగతి. బాగా పరిశోధన జరిగినవి రెండు చెప్తాను. ఒకటి, అధికారం అంటే భక్తి, నియమం తప్పినవాడంటే మంట ఉండే స్వభావం. ఇది ఎక్కువగా ఉన్నవాళ్ళు మాక్ జ్యూరీల్లో (పరిశోధన కోసం కూర్చోబెట్టే ఉత్తుత్తి జ్యూరీలు) దోషి అనడానికీ, శిక్ష ఎక్కువ వేయడానికీ మొగ్గుతారు. అయితే బోనులో ఉన్నది పోలీసు అధికారి అయితే అదే స్వభావం తిరగబడి అతని పట్ల మెత్తబడుతుంది. కాబట్టి దాన్ని కాఠిన్యం అనలేం, ఎవరి పక్కన నిలబడాలన్న మొగ్గు అది.

రెండోది, లోకం న్యాయంగానే నడుస్తుందన్న నమ్మకం. మెల్విన్ లెర్నర్ దీని మీద చాలా పని చేశారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని గట్టిగా నమ్మే మనిషికి ఏ తప్పూ చేయని బాధితురాలు ఇబ్బంది పెడుతుంది. "ఆ వేళప్పుడు అక్కడికి ఎందుకు వెళ్ళింది?" అన్న ప్రశ్న చాలాసార్లు అక్కణ్ణుంచే పుడుతుంది. బాధితురాలిలో తప్పు దొరికితే లోకం మళ్ళీ సవ్యంగా కనబడుతుంది మరి.

చిన్నసందేహం:
మేడమ్, చిన్న డౌట్. అత్యాచారం కేసుల్లో ఆడవాళ్ళు జ్యూరీలో ఎక్కువ ఉంటే శిక్ష ఖాయమంటారు. కాదు, ఆడవాళ్ళే బాధితురాలిని ఎక్కువ అనుమానిస్తారని ఇంకో వాదన. ఏది నిజం?

మనోగతం:
మాక్ జ్యూరీ ప్రయోగాల్లో సగటున ఆడవాళ్ళు అలాంటి కేసుల్లో దోషి అనడం కొంచెం ఎక్కువ. ఆ "కొంచెం" దగ్గరే ఆగాలి. "నిజంగా ఇష్టం లేకపోతే గాయాలుంటాయి", "వెంటనే ఫిర్యాదు చేయలేదంటే అబద్ధమే" లాంటి అపోహలు ఎవరిలో ఎంత ఉన్నాయో తెలిస్తే తీర్పుని అంతకంటే బాగా ఊహించవచ్చు. ఆ అపోహలున్న మహిళ, లేని మగవాడు ఎదురెదురుగా కూర్చుంటే ఎవరెటు ఓటేస్తారో మీరే చెప్పండి.

మనిషి వయసు, ఉద్యోగం, ఆడా మగా చూసి ఓటు ఊహించడం చాలా బలహీనమైన పద్ధతి. ఆ కేసుకి సంబంధించిన విషయం మీద ఆ మనిషి ముందునుంచీ ఏమనుకుంటున్నాడో అడిగి తెలుసుకుంటే కొంత నయం.

నల్లకోటు:
మా వృత్తివాళ్ళకి ఆ సంగతి ఎంతకీ ఎక్కలేదు మేడమ్. క్లారెన్స్ డారో అంటే అమెరికాలో మహామహుడైన డిఫెన్స్ లాయర్. 1936లో ఒక పత్రికలో జ్యూరీని ఎలా ఎంచుకోవాలో వ్యాసం రాశాడు. ఐరిష్ వాడు దొరికితే వదులుకోవద్దు, ఫలానా చర్చికి వెళ్ళేవాళ్ళని దగ్గరికి రానివ్వొద్దు, ఇదీ వరస. మనుషుల మీద జాలి గురించి జీవితమంతా మాట్లాడిన మనిషి, జ్యూరీ ఎంపిక దగ్గరికి వచ్చేసరికి ముద్రలు చూసి మనుషుల్ని ఏరాడు.

ఏరడానికి ఆయుధం ఏమిటంటే, కారణం చెప్పకుండా కొందరు జ్యూరర్లని తిరస్కరించే హక్కు. అమెరికాలో ఇది ఇప్పటికీ చాలా చోట్ల ఉంది. జాతిని బట్టి వాడకూడదని 1986లో బాట్సన్ కేసులో, ఆడా మగా అన్నదాన్ని బట్టి వాడకూడదని 1994లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఇంగ్లండ్ అయితే 1988 చట్టంతో ఆ హక్కునే ఎత్తేసింది.

పడమటిగాలి:
నేను అమెరికాలో జ్యూరీలో కూర్చున్నాను. కేసు ముగిసింది కాబట్టి పైపైన చెప్పొచ్చు. దొంగతనం, దాడి. కెమెరా వీడియోలో మొహం మసక. ఎదురుగా చూశానన్న సాక్షి ఒక్కరే.

ఎంపిక రోజున జడ్జి ఒక్కొక్కరినీ "మీరు నిష్పక్షపాతంగా ఉండగలరా?" అని అడిగారు. అంత మంది ముందు "ఉండలేను" అని ఎవరంటారండీ? ఒకాయన ఇంట్లో అంతకుముందు దొంగలు పడ్డారట. ఆ ముక్క చెప్పి, "అయినా ఫరవాలేదు" అన్నాడు. ఉంచారు. ఆయన అబద్ధం చెప్పాడని నేననను, ఫరవాలేదనే నమ్మాడు.

గదిలోకి వెళ్ళాక అసలు ఆట మొదలైంది. చర్చ నడిపించడానికి మాలో ఒకరు ఫోర్‌మన్‌గా ఉండాలి. ఫోర్‌మన్‌ని ఎన్నుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. బల్ల చివర కుర్చీలో కూర్చున్నాయన "సరే, ఎలా మొదలుపెడదాం?" అన్నాడు, అందరూ "మీరే ఉండండి" అన్నారు. అంతే. ఆయన మంచివాడే గానీ మొదటి పనిగా చేతులెత్తి ఓటు పెట్టించాడు. ఎక్కువమంది దోషి. అక్కణ్ణుంచి చర్చంతా మిగిలినవాళ్ళని ఎలా ఒప్పించాలన్న దాని మీదే. ఒకావిడ సాక్షి నిలబడ్డ దూరం గురించి మంచి పాయింట్ ఎత్తింది, గొంతు చిన్నది. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి అదే పాయింట్ గట్టిగా మాట్లాడే ఇంకొకాయన అంటే అప్పుడు అందరూ తలలూపారు. ఆవిడ మొహం చూడాల్సింది.

తీర్పు ఏమైందో చెప్పను, ఆ చర్చలోకి వెళ్ళడం నాకిష్టం లేదు.

మొండిఘటం:
> ఫోర్‌మన్‌ని ఎన్నుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు

ఇదిగో, నేనన్నదే! ఒక మనిషి జైలుకి వెళ్తాడా లేదా అన్నది ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారన్న దాని మీద ఉందన్నమాట.

మనోగతం:
పడమటిగాలి గారూ, మీ పోస్ట్‌ని క్లాసులో చదివి వినిపించాలని ఉంది. ఫ్రెడ్ స్ట్రాడ్‌బెక్ బృందం 1950ల్లో మాక్ జ్యూరీలని గమనించి సరిగ్గా ఇదే చూసింది. బల్ల చివరి స్థానాల్లో ఉన్నవాళ్ళు ఫోర్‌మన్ అయ్యే అవకాశం ఎక్కువ. సమాజంలో హోదా ఉన్న మగవాళ్ళే ఎక్కువగా ఎన్నికయ్యేవాళ్ళు, ఎక్కువగా మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు పరిస్థితి అప్పటంత కాకపోవచ్చు గానీ మీరు చెప్పిన ఆవిడ సంగతి చూస్తే పూర్తిగా పోలేదనిపిస్తోంది.

స్వభావం ప్రభావం ఓటు మీద కంటే గదిలో ఎక్కువగా కనిపిస్తుందని నా అభిప్రాయం. నలుగురిలో కలివిడిగా, చొరవగా మాట్లాడేవాళ్ళ మాట చెల్లుతుంది. గొడవ పడలేనివాళ్ళు "సరే కానివ్వండి" అంటారు. మాట్లాడేవాడి పక్షపాతం ఒక ఓటుతో ఆగదు, మిగతావాళ్ళ చెవుల్లోంచి వెళ్తుంది. నోరు విప్పనివాడి పక్షపాతం ఒక్క ఓటే.

మొదటి ఓటు సంగతి కూడా ముఖ్యం. మొదటి ఓటులో మెజారిటీ ఎటుంటే సుమారు పదింట తొమ్మిది కేసుల్లో చివరి తీర్పు అటే వెళ్తుందని కాల్వెన్, జైసెల్ లెక్క. ఆ తర్వాత రీడ్ హేస్టీ, తోటి పరిశోధకులు జ్యూరీల్లో రెండు తీరులు గుర్తించారు. ముందే ఓటేసి పక్షాలు కట్టేవి ఒక రకం. ముందు సాక్ష్యమంతా నెమరేసుకుని, కథ ఏమిటో తేల్చుకుని, ఓటు చివర్లో వేసేవి రెండో రకం. రెండో రకంలో సాక్ష్యం మీద చర్చ లోతుగా జరుగుతుంది. మీ ఫోర్‌మన్ తెలియకుండానే మొదటి దారి పట్టించాడు.

ప్రశ్నార్థకం:
"కథ తేల్చుకోవడం" అంటే ఏమిటి మేడమ్? సాక్ష్యాలని ఒక్కోటీ తూకం వేయరా?

మనోగతం:
వేయరు. అదే పెనింగ్టన్, హేస్టీ చూపించింది. జ్యూరర్ విన్న ముక్కలన్నిటితో ఒక కథ అల్లుకుంటాడు. ఎవరు, ఎందుకు, తర్వాత ఏమైంది అని. ఏ తీర్పు ఆ కథకి అతుకుతుందో అది ఎంచుకుంటాడు. ఒక ప్రయోగంలో వాళ్ళు అవే సాక్ష్యాలని వరస మార్చి వినిపించారు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం కథ జరిగిన వరసలో, డిఫెన్స్ సాక్ష్యం సాక్షుల వరసలో ముక్కలుగా వచ్చినప్పుడు 78 శాతం మంది దోషి అన్నారు. తిరగేస్తే 31 శాతం. సాక్ష్యంలో ఒక్క అక్షరం మారలేదు!

పూర్వాభిప్రాయం దూరేది ఇక్కడే. కథలో ఖాళీలుంటాయి కదా, వాటిని పూడ్చేది మన జీవితానుభవమే. "భార్య మీద అంత కోపమున్నవాడు ఏం చేస్తాడు?", "అమాయకుడైతే పారిపోతాడా?" లాంటివాటికి జవాబు కోర్టులో ఎవరూ చెప్పరు. ఎవరి జవాబు వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకుంటారు.

సర్వసాక్షి:
(ఈ పోస్ట్‌ని మోడరేటర్ తొలగించారు.)

మోడరేటర్:
ఫలానా కులంవాళ్ళు జ్యూరీలో ఉంటే ఇలా, ఫలానా మతంవాళ్ళుంటే అలా అనే పోస్టులు ఇక్కడ వద్దు. పక్షపాతం గురించి చర్చిస్తూ దానికి నమూనా చూపించనక్కర్లేదు.

చిన్నసందేహం:
పోస్ట్ పోయింది గానీ అందులో ప్రశ్న ఒకటి మిగిలింది. నిందితుడు "మనవాడు" అయితే జ్యూరర్ వదిలేస్తాడా?

మనోగతం:
సాక్ష్యం బలహీనంగా ఉంటే మొగ్గు ఉంటుంది. బలంగా ఉంటే కొన్నిసార్లు తారుమారవుతుంది, "మా పరువు తీశాడు" అని మనవాడి మీదే కసి పెరుగుతుంది. నార్బర్ట్ కెర్, తోటివాళ్ళు 1995లో ఈ రెండు పోకడలనీ చూపించారు. కాబట్టి "మా వర్గం మనిషి దొరికాడు, గెలిచాం" అనుకునే లాయర్ పప్పులో కాలేసినట్టే.

జాతి విషయంలో ఇంకా స్పష్టమైన ఆధారం ఉంది. ఫ్లోరిడాలో రెండు కౌంటీల్లో 2000 నుంచి 2010 వరకు జరిగిన విచారణలని ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. జ్యూరీకి పిలిచిన బృందంలో ఒక్క నల్లజాతి మనిషి కూడా లేనప్పుడు, నల్లజాతి నిందితులకి శిక్షపడే రేటు తెల్లవాళ్ళకంటే 16 శాతం పాయింట్లు ఎక్కువ. ఆ బృందంలో కనీసం ఒక్కరుంటే ఆ తేడా దాదాపు మాయం. ఎవరు పిలుపుకి వస్తారన్నది లాటరీ లాంటిదే కాబట్టి దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

శామ్యూల్ సామర్స్ 2006లో ప్రచురించిన మాక్ జ్యూరీ ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. కలగలుపు జ్యూరీల్లో ఉన్న తెల్లవాళ్ళు, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీల్లోని తెల్లవాళ్ళ కంటే కేసు వివరాలు ఎక్కువ ప్రస్తావించారు, తప్పులు తక్కువ చెప్పారు. అంటే రెండోరకం మనిషి వచ్చి తన వాదన వినిపించడం వల్ల మాత్రమే కాదు, అతను ఎదురుగా ఉన్నాడన్న స్పృహకే మిగతావాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకున్నారు.

చలిదేశం:
ఇంగ్లండ్ నుంచి. నేనూ జ్యూరీలో ఉన్నాను. లోపల ఏం జరిగిందో ఇక్కడ రాస్తే నేనే ముద్దాయిని అవుతాను, ఇక్కడ అది నేరం. పడమటిగాలి గారి స్వేచ్ఛ చూస్తే కుళ్ళుగా ఉంది 🙂

చట్టం ఒప్పుకునేది చెప్తాను. షెరిల్ థామస్ అనే ప్రొఫెసర్ ఇక్కడి జ్యూరీల మీద 2010లో పెద్ద అధ్యయనం ప్రచురించారు. నిందితుడి జాతిని బట్టి జ్యూరీ తీర్పులు మారుతున్నట్టు ఆవిడకి ఆధారం దొరకలేదు. అమెరికా ఫలితాలని తెచ్చి అన్ని దేశాలకీ అతికించకూడదని ఇందుకే అంటాను. ఆవిడకి దొరికిన సమస్య వేరే. జడ్జి నోటితో చెప్పిన చట్టం సూచనలని, చట్టం వాడిన అర్థంలోనే పూర్తిగా గ్రహించినవాళ్ళు 31 శాతం మందే. అదే సారాంశం కాగితం మీద రాసిస్తే 48 శాతానికి పెరిగింది. పక్షపాతం పక్షపాతం అంటున్నాం గానీ, సగం మందికి ప్రశ్నే అర్థం కాకపోతే జవాబులో దేన్ని తప్పుపడతాం?

నల్లకోటు:
చలిదేశం గారు చెప్పిన గోప్యతకి ఇంకో పక్క కూడా ఉంది. లోపలి మాట బయటికి రాకపోతే పక్షపాతాన్ని రుజువు చేసేదెలా? కొలరాడోలో ఒక కేసు. తీర్పు వచ్చాక ఇద్దరు జ్యూరర్లు లాయర్‌కి చెప్పారు, తమలో ఒకడు "మెక్సికన్ మగవాళ్ళు ఇలాంటి పనులు చేస్తారు" అన్న ధోరణిలో గదిలో వాదించాడని. పాత నియమం ప్రకారం ఆ మాట కోర్టు వినకూడదు. 2017లో పేన్యా-రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు 5–3తో, జాతి వివక్ష అంత బాహాటంగా ఉంటే వినొచ్చని మినహాయింపు ఇచ్చింది. నోరు జారినవాడు దొరికాడు. మనసులో అనుకుని ఊరుకున్నవాడు ఎప్పటికీ దొరకడు.

మొండిఘటం:
అన్నీ నా వాదనకే బలం. లాటరీ, కుర్చీలు, కథలు, అర్థంకాని సూచనలు... జడ్జికి ఇస్తే ఈ తలనొప్పులు లేవు. "ఆ మాట పట్టించుకోకండి" అని జడ్జి అంటే జ్యూరీ పట్టించుకోకుండా ఉంటుందా? జడ్జి ఉండగలడు.

మనోగతం:
జ్యూరీ సంగతిలో మీరన్నది నిజమే. బెదిరించి చెప్పించిన ఒప్పుకోలుని "లెక్కలోకి తీసుకోకండి" అన్నా మాక్ జ్యూరర్లలో దోషి అనేవాళ్ళు పెరిగారని కాసిన్, సుకెల్ 1997లో చూపించారు. మా ఓటు మీద దాని ప్రభావం లేదని కూడా చాలామంది అన్నారు.

జడ్జిల సంగతి మాత్రం ఒప్పుకోను. జర్మనీలో న్యాయవృత్తిలో ఉన్నవాళ్ళతో 2006లో ప్రచురించిన ప్రయోగం ఉంది. దుకాణంలో దొంగతనం కేసు చదివించి, పాచికలు వేయించి, ఆ తర్వాత శిక్ష చెప్పమన్నారు. పాచికలు మోసపువి, మొత్తం 3 లేదా 9 మాత్రమే పడతాయి. 3 పడ్డవాళ్ళు సగటున సుమారు 5 నెలలు, 9 పడ్డవాళ్ళు సుమారు 8 నెలలు శిక్ష సూచించారు. పాచికలకీ కేసుకీ సంబంధం లేదని వాళ్ళకి తెలుసు, తమ చేత్తోనే వేశారు!

ప్రశ్నార్థకం:
భోజనానికి ముందు జడ్జిలు పెరోల్ ఇవ్వరు, తిన్నాక ఇస్తారు అని ఒకటి ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అది కూడా ఇందులోకే వస్తుందా?

చలిదేశం:
దాన్ని కాస్త జాగ్రత్తగా వాడండి. 2011లో వచ్చిన ఇజ్రాయెల్ అధ్యయనం అది. కేసుల వరస యాదృచ్ఛికం కాదనీ, లాయర్ లేని ఖైదీల కేసులు విరామానికి ముందు చివర్లో వచ్చేవనీ అదే ఏడు విమర్శ వచ్చింది. ఆకలి కంటే లిస్టు వేసిన తీరే కారణం కావచ్చు. పాచికల ప్రయోగం చాలు మీ ఫ్రెండ్‌తో వాదించడానికి.

మొండిఘటం:
సరే, జడ్జీ మనిషే. కానీ జడ్జి కారణాలు రాయాలి. తప్పుంటే పైకోర్టు పట్టుకుంటుంది. నానావతి కేసులో జరిగింది అదే కదా? జ్యూరీని ఎవరు పట్టుకుంటారు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

నల్లకోటు:
గట్టి పాయింటే. అందుకే కొన్ని దేశాలు మధ్యేమార్గం పట్టాయి. జపాన్ 2009 నుంచి తీవ్రమైన కేసుల్లో ముగ్గురు జడ్జిలతో పాటు ఆరుగురు పౌరులని కూర్చోబెడుతోంది. తీర్పులో కారణాలుంటాయి. అయితే దానికో వెల ఉంది. జడ్జి పక్కన కూర్చుంటే మామూలు మనిషి ఎంతవరకు ఎదురుచెప్తాడు? చిన్నగొంతు ఆవిడ కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

నా మట్టుకు, పక్షపాతం లేని పన్నెండు మందిని వెతకడం దండగ. వేర్వేరు పక్షపాతాలున్న పన్నెండు మంది ఒకరినొకరు ఒప్పించక తప్పని పరిస్థితి ఉండాలి. ఐదుగురి జ్యూరీ మరీ చిన్నదని 1978లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. తీవ్రమైన నేరాల్లో ఏకగ్రీవం తప్పనిసరని 2020లో రామోస్ కేసులో చెప్పింది. అంతకుముందు లూసియానాలో 10–2తో జైలుకి పంపేవాళ్ళు. ఆ నియమం మూలం 1898 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగ సభలో ఉంది. జ్యూరీలోకి వచ్చే నల్లజాతివాళ్ళ ఓటుకి విలువ లేకుండా చేయడమే దాని వెనుక ఉద్దేశమని ఆ తీర్పులోనే రాశారు.

మనోగతం:
ఏకగ్రీవం ఉంటే ఒంటరిగా మిగిలినవాడి మాట వినక తప్పదు, నిజమే. అయినా ఒంటరిగా నిలబడటం చాలా కష్టం. తోడు ఒక్కరున్నా మనిషి మెజారిటీకి లొంగడం బాగా తగ్గుతుందని సాలమన్ ఆష్ 1950ల్లోనే చూపించారు. కాబట్టి 11–1 వేరు, 10–2 వేరు. నన్నడిగితే రెండు చిన్న మార్పులు చాలు. సూచనలు కాగితం మీద ఇవ్వాలి. అందరూ ఒక్కసారైనా మాట్లాడేదాకా ఓటు పెట్టకూడదు.

మొండిఘటం:
రెండోది బాగుంది. మొదటిది ఇన్నాళ్ళూ లేకపోవడమే విచిత్రం. జ్యూరీ మీద నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది 🙂

చిన్నసందేహం:
ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. నేను అమెరికాలో ఉంటాను, పౌరసత్వం వచ్చింది, జ్యూరీ సమన్లు కూడా వచ్చాయి. ఫారంలో "మీరు గానీ మీ కుటుంబంలో ఎవరైనా గానీ నేరానికి బాధితులయ్యారా?" అని ఉంది. మా అన్నయ్య మీద ఒకసారి దాడి జరిగింది. రాస్తే తీసేస్తారేమో, రాయకపోతే తప్పా? నాకు కూర్చోవాలనే ఉంది.

నల్లకోటు:
ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. నిజమని ధృవీకరించి ఇచ్చే జవాబు అది, దాచితే తర్వాత నీకూ ఇబ్బంది, కేసుకీ ఇబ్బంది. రాసినంత మాత్రాన తీసేయరు, దాని మీద కొన్ని ప్రశ్నలు అడుగుతారు.

పడమటిగాలి:
నా అనుభవంలో ఒక్క సలహా. నోట్స్ రాసుకోనిస్తారేమో ముందే అడగండి. రాసుకున్నవాళ్ళ మాటకి గదిలో విలువ ఉంటుంది, గొంతు చిన్నదైనా. కేసు గురించి నెట్‌లో వెతకడం మాత్రం అస్సలు వద్దు, దానివల్ల విచారణే రద్దు కావచ్చు.

చిన్నసందేహం:
థాంక్యూ. లాయర్ నన్ను తీసేస్తే ఎందుకో చెప్తారా?

నల్లకోటు:
మామూలుగా చెప్పరు. జాతిని బట్టి తీశారని ఎదుటి లాయర్ అభ్యంతరం పెడితే అప్పుడు కారణం చెప్పాలి. చెప్పే కారణాలు ఎప్పుడూ మర్యాదగానే ఉంటాయి. వాటి వెనుక ఏముందో తెలియాలంటే 2019 నాటి ఫ్లవర్స్ కేసు తీర్పు చదువు. మిసిసిపీలో ఒకే మనిషిని ఆరుసార్లు విచారించారు. తీసేయడానికి వీలున్న 42 మంది నల్లజాతి జ్యూరర్లలో ప్రాసిక్యూషన్ 41 మందిని తీసేసింది. ఆరో విచారణలో, తీసేసిన ఐదుగురు నల్లజాతివాళ్ళని మొత్తం 145 ప్రశ్నలు అడిగారు. జ్యూరీలో ఉంచుకున్న 11 మంది తెల్లవాళ్ళని మొత్తం 12.

చిన్నసందేహం:
పదకొండు మందికి కలిపి పన్నెండా! సరే అంకుల్, అన్నయ్య సంగతి రాసి ఫారం ఈ రాత్రే పంపిస్తాను.